తృణమణిలో ఈగ, మిరపపూతలో పురుగు: జాతి వర్ణనకు తెలుగు భాష

సారాంశం

శిలాజ తృణమణిలో దొరికిన ఈగను కొత్త జాతిగా వర్ణించే శాస్త్రవ్యాసం ఒక ప్రత్యేక రచనాప్రక్రియ. పేరు, లక్షణం, వర్ణన, ఆధార నమూనా అనే నాలుగు అంగాలను అది ఒకచోట ముడివేస్తుంది. అలంకారశాస్త్రంలోని స్వభావోక్తి, తర్కశాస్త్రంలోని లక్షణదోషాలు అనే భావనల సాయంతో ఈ వ్యాసం ఆ ప్రక్రియను పరిశీలిస్తుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో వాడుకలో ఉన్న కీటకనామాలను అదే ప్రమాణంతో పరీక్షిస్తుంది. 2021లో మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఉదంతం ఆధారంగా, ఈ విషయంలో తెలుగుకున్న కొరత పదసంపదది కాదనీ, పదాన్ని వస్తువుకు కట్టే పద్ధతిదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: తృణమణి, శిలాజ కీటకం, జాతి వర్ణన, స్వభావోక్తి, అతివ్యాప్తి, అవ్యాప్తి, వృత్తిపదాలు, తామర పురుగు.

1. ఉపోద్ఘాతం

చెట్టు గాయం నుంచి కారిన జిగురులో చిక్కిన చిన్న పురుగు, ఆ జిగురు నేలలో కూరుకుపోయి కోట్ల సంవత్సరాలకు గట్టిపడినప్పుడు, దానితోపాటే నిలిచిపోతుంది. ఈ శిలాజ పదార్థాన్ని ఇంగ్లీషులో అంబర్ అంటారు. సంస్కృతంలో దీని పేరు తృణమణి. రుద్దితే గడ్డిపరకలను లాగుకొనే మణి అని అర్థం. అంబర్ అన్న మాటను తెలుగు పద్ధతిలో అజంతం చేస్తే అది ఆకాశానికీ వస్త్రానికీ చెందిన అంబరంతో కలిసిపోతుంది. దానికి మూలమైన అరబ్బీ పదం కూడా మొదట తిమింగలం నుంచి లభించే సుగంధద్రవ్యాన్ని సూచించిందే. అందువల్ల ఇక్కడ తృణమణి అన్న పదాన్నే స్వీకరించడం జరిగింది.

భారతదేశంలో ఇటువంటి కీటకాలకు ప్రసిద్ధమైన చోటు గుజరాత్‌లోని ఖంభాత్ ప్రాంతపు లిగ్నైట్ గనులు. సూరత్ జిల్లా వస్తాన్ గనిలోని తృణమణిపై యేస్ రస్ట్, హుకమ్ సింగ్, డేవిడ్ గ్రిమాల్డి తదితరులు 2010లో ప్రకటించిన పరిశోధన దానిని ప్రపంచం దృష్టికి తెచ్చింది. గుంటూరు, ప్రకాశం మైదానానికి కూడా శిలాజ వర్ణన కొత్త కాదు. ఒంగోలు ప్రాంతంలోని వేమవరం షేల్ పొరలలో దొరికిన మొక్కల శిలాజాలను ఓట్టోకార్ ఫీస్ట్‌మాంటెల్ 1879లోనే వర్ణించాడు. అయితే అవి రాతిపొరల మధ్య అణగిన ఆకుల ముద్రలు. తృణమణిలోని కీటకం నిండు ఆకారంతో, రెక్కమీది నూగుతో సహా కనిపిస్తుంది.

ఇదే మైదానంలో బతికున్న పురుగుకు పేరు పెట్టడం ప్రతి పంటకాలంలోనూ అవసరపడే పని. పురుగు ఏదో తేలితేనే మందు ఏదో తేలుతుంది. ఇక్కడి రైతు పురుగును పైరుతో, అది చేసే నష్టంతో కలిపి గుర్తిస్తాడు. తృణమణిలోని ఈగకు పైరు లేదు, నష్టం లేదు. మిగిలింది రూపం ఒక్కటే. రూపాన్ని మాత్రమే ఆధారం చేసుకొని ఒక జీవిని మాటలలో నిలపవలసి వస్తే తెలుగు ఏమి చేయగలదు, ఎక్కడ తడబడుతుంది అన్నది ఈ వ్యాసం వేసుకొనే ప్రశ్న. దానికి దొరికే సమాధానం శిలాజానికీ పనికివస్తుంది, పొలానికీ పనికివస్తుంది.

2. జాతి వర్ణన ఒక రచనగా

కొత్త జాతిని ప్రకటించే వ్యాసానికి స్థిరమైన కట్టడం ఉంది. మొదట పేరు, ఆ పేరుకు వ్యుత్పత్తి. తరువాత హోలోటైప్ అనే ఆధార నమూనా, అది ఏ సంస్థలో ఏ సంఖ్యతో భద్రపరిచి ఉందో ఆ వివరం. ఆపైన ఈ జాతిని దాని దగ్గరి బంధువుల నుంచి వేరుచేసే లక్షణం. చివరకు తల నుంచి ఉదరాగ్రం వరకు సాగే వర్ణన. 2000 జనవరి 1 నుంచి అమలులో ఉన్న జంతునామకరణ అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పు ఈ అంగాలలో ముఖ్యమైనవాటిని తప్పనిసరి చేసింది. అందులో సాహిత్య విమర్శకుడు గమనించవలసిన షరతు ఒకటుంది. జాతిని వేరుచేసే గుణాలను మాటలలో చెప్పాలి. ఎంత స్పష్టమైన ఛాయాచిత్రమైనా ఒక్కటే చాలదు.

ఆ మాటలు ఏ భాషవై ఉండాలన్న నిర్బంధం జంతుశాస్త్రంలో లేదు. నేటి మొక్కల కొత్త జాతులకు 2011 చివరి వరకు లాటిన్ వర్ణన అవసరమైంది. 2012 నుంచి లాటిన్ లేదా ఇంగ్లీషు కావాలి. జంతువుల విషయంలో పేరు మాత్రం లాటిన్ అక్షరాలలో ఉండాలి. ఆ పేరును ఏ భాషాపదం నుంచైనా తీసుకోవచ్చు. అంతర్జాతీయంగా విస్తృతంగా వాడే భాషలో లక్షణం ఇవ్వమని నియమావళి సిఫారసు చేస్తుంది. అది సిఫారసే తప్ప షరతు కాదు. కనుక మిగిలిన నియమాలు పాటించి తెలుగులో రాసిన జాతి వర్ణన నియమావళి దృష్టిలో చెల్లుతుంది.

ఈ ప్రక్రియలో మాట ఎంత భారం మోస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 2017లో ఫ్రౌకె స్టెబ్నర్, హుకమ్ సింగ్, యేస్ రస్ట్, డేవిడ్ గ్రిమాల్డి పీర్‌జె పత్రికలో ఖంభాత్ తృణమణి నుంచి మూడు కొత్త జాతుల ఈగలను వర్ణించారు. అవి పొడవైన తొండం గల లైగిస్టోరైనిడే కుటుంబానివి. వాటి వయస్సు సుమారు 5.4 కోట్ల సంవత్సరాలు. లైగిస్టోరైనా ఇండికా నేటికీ జీవించి ఉన్న ప్రజాతికి చెందిన అతి పురాతన శిలాజం. ఇండోరైనా సహనియై కొత్త ప్రజాతి. ఆ పేరులో దేశం, ముక్కు, సహనీ అన్న ఇంటిపేరు మూడూ ఇమిడాయి. పేలియోగ్నోరిస్టే ఒరియెంటేల్ అంతకుముందు బాల్టిక్ తృణమణిలో కనిపించిన ప్రజాతికి చెందినది.

ఈ మూడు పేర్ల వెనుక ఉపఖండ చరిత్రకు సంబంధించిన వాదం ఉంది. ఆఫ్రికా నుంచి విడివడి ఉత్తరానికి జరిగిన భారత ఫలకం మీది జీవులు మిగిలిన ప్రపంచంతో సంబంధం లేకుండా పెరిగాయా అన్నది చాలాకాలంగా చర్చలో ఉన్న విషయం. బాల్టిక్ బంధువు ఇక్కడ కనిపించడం ఐరోపాతో రాకపోకలను సూచిస్తుంది. మిగిలిన రెండూ ఆసియా ఉష్ణమండలానికి తనదైన జీవసముదాయం ఉన్నదని సూచిస్తాయి. అదే తృణమణిలోని కుట్టే చిన్న ఈగలపై 2017లోనే వెలువడిన మరో వ్యాసం కూడా నాటి భారత జీవసముదాయం ఒంటరిది కాదనే తేల్చింది. చిన్న ఈగ రెక్కలోని ఒక ఈనె ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే వాక్యం తప్పయితే, దానిమీద నిలిచిన ఈ చరిత్ర కూడా కదులుతుంది.

3. స్వభావోక్తి, లక్షణం

తెలుగు సాహిత్య విద్యార్థికి వర్ణన అనగానే ప్రబంధాల అష్టాదశ వర్ణనలు గుర్తుకు వస్తాయి. ఆ వర్ణన వస్తువును అతిశయింపజేస్తుంది. జాతి వర్ణనకు దగ్గరగా వచ్చే భావన మన అలంకారశాస్త్రంలో మరొకటుంది. అది స్వభావోక్తి. పదార్థాల రూపాన్ని ఉన్నదున్నట్టు సాక్షాత్కరింపజేసే ఉక్తిగా దండి కావ్యాదర్శంలో దీనిని నిర్వచించి, అర్థాలంకారాలలో మొదటి స్థానమిచ్చాడు. ఈ అలంకారానికి ఆయన చెప్పిన రెండో పేరు జాతి. నేటి తెలుగు జీవశాస్త్ర పరిభాషలో స్పీషీస్‌కు వాడే పదం కూడా జాతే. ఈ కలయిక యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒక వర్గానికి సహజమైన రూపాన్ని మాటలలో నిలపడమనే పని రెండు చోట్లా ఉంది.

భేదమూ ఉంది. స్వభావోక్తి అలంకారమా కాదా అన్న విషయంలో భామహుడికి సందేహం ఉంది. వక్రత లేని మాట కేవలం వార్త అవుతుందన్నది ఆయన అభిప్రాయం. జాతి వర్ణన ఆ వార్త వైపే నిలుస్తుంది. చదువరికి వస్తువు కళ్ళకు కట్టడంతో దాని పని తీరదు. ఆ వస్తువు పక్కనున్న వస్తువు కాదని తేలాలి. ఇక్కడ అలంకారశాస్త్రం చాలక తర్కశాస్త్రం కావలసి వస్తుంది. లక్షణానికి తార్కికులు చెప్పిన దోషాలు మూడు. లక్ష్యం కానిదానికి కూడా వర్తిస్తే అతివ్యాప్తి, లక్ష్యంలో కొంత భాగానికే వర్తిస్తే అవ్యాప్తి, లక్ష్యంలో ఎక్కడా వర్తించకపోతే అసంభవం. జాతి వర్ణనలో లక్షణమనే అంగం సరిగ్గా ఈ మూడు దోషాల నుంచి పేరును కాపాడడానికి ఏర్పడింది. వర్ణన స్వభావోక్తి అయితే, లక్షణం తర్కం. మంచి జాతి వర్ణనలో ఈ రెండూ ఒకదానినొకటి సరిచూసుకొంటాయి.

4. మైదానపు కీటకనామాలు

ఈ ప్రమాణాన్ని గుంటూరు, ప్రకాశం జిల్లాల కీటక పదజాలానికి అన్వయిస్తే ఆసక్తికరమైన ఫలితాలు వస్తాయి. రెండు రెక్కల ఈగల గణాన్నే తీసుకొందాం. కందిలో కాయ ఈగ, జొన్నలో మొవ్వు ఈగ, మినుములో కాండపు ఈగ, తోటలలో పండు ఈగ అన్నవి నిజంగా ఈ గణానివే. ప్రతి పేరులోనూ పూర్వపదం మొక్క భాగం. ఎక్కడ వెతకాలో పేరే చెబుతుంది. కాని తేనెటీగ, కందిరీగ, తూనీగలలో కూడా ఈగ ఉంది. అవి నాలుగు రెక్కలవి. ఇది అతివ్యాప్తి. వరిలో ఉల్లికోడు తెచ్చే పురుగు రెండు రెక్కల చిన్న ఈగ అయినా, పేరులో ఈగ లేదు. పిలక ఉల్లికాడలా మారడమే పేరుకు ఆధారమైంది. ఇది అవ్యాప్తి. దోమ విషయం ఇంకా చిక్కు. పత్తిలో తెల్లదోమ, పచ్చదోమ, వరిలో సుడిదోమ రసం పీల్చే వేరొక గణానివి. మనిషిని కుట్టే దోమతో వాటికి దగ్గరి బంధుత్వం లేదు. గులాబీ రంగు పురుగు అన్న పేరు గొంగళి దశకే సరిపోతుంది; రెక్కల పురుగు గోధుమ, బూడిద రంగులలో ఉంటుంది.

ఇంత మాత్రాన ఈ పదజాలం అశాస్త్రీయమని తీర్పు చెప్పడం తొందరపాటు. మిరపలో పై ముడత, కింది ముడత అన్న రెండు మాటలు చూడాలి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకొని తిరగేసిన పడవలా ఉంటే నల్లి. నల్లికి ఎనిమిది కాళ్ళు, అది కీటకమే కాదు. తామర పురుగుకు కొట్టే మందులన్నీ దానిమీద పనిచేయవు. కంటికి ఆననంత చిన్న జీవులను, వాటి కాళ్ళు లెక్కపెట్టకుండా, ఆకు వంపును బట్టి వేరుచేసే నిర్ధారణసూత్రం ఈ పదాలలో ఉంది. శాస్త్రజ్ఞుల గుర్తింపు పట్టికలు కూడా ఇలా జంటలుగానే సాగుతాయి.

శాస్త్రనామాలు సైతం పైరును వదిలిపెట్టలేదు. గులాబీ రంగు పురుగును భారతదేశపు పత్తి నుంచి 1840లలో వర్ణించినప్పుడు దానికి దక్కిన గోసిపియెల్లా అన్న పేరులో పత్తి ఉంది. గ్రీసులో పొగాకు మీద దొరికిన తెల్లదోమకు 1889లో గెన్నాడియస్ పెట్టిన టబాకీ అన్న పేరులో పొగాకు ఉంది. కాబట్టి రైతు పైరును బట్టి పేరు పెడతాడు, శాస్త్రజ్ఞుడు రూపాన్ని బట్టి పెడతాడు అన్న విభజన నిలవదు. శాస్త్రనామం ఒక భద్రపరిచిన నమూనాకు కట్టుబడి ఉండడమే అసలు భేదం. పేరు తప్పుదారి పట్టించేదైనా, అనుమానం వచ్చినవారు వెళ్ళి చూడవలసిన వస్తువు ఒకటుంటుంది. తెలుగు పేరుకు ఆ వస్తువు లేదు.

5. నల్ల తామర పురుగు: పేరుకూ పొలానికీ మధ్య

ఆ లోటు ఎంతటిదో 2021లో మిరప రైతుకు తెలిసివచ్చింది. అప్పటివరకు మిరపలో తామర పురుగంటే స్కిర్టోత్రిప్స్ డోర్సాలిస్. దానిని 1919లో హుడ్ వర్ణించినప్పుడు ఆధారమైన నమూనాలు కోయంబత్తూరువి. లేత పసుపు రంగులో ఉండి ఆకులను ఆశించే ఆ పురుగు గుర్తు పై ముడత. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాలతో సహా తెలుగు రాష్ట్రాల మిరప తోటలను ముంచెత్తిన పురుగు త్రిప్స్ పార్విస్పైనస్. ఆడ పురుగు ముదురు రంగుది. అది గుంపులుగా పూలలో చేరుతుంది. పూత రాలి, కాయ నిలవక తోటలు పోయాయి. రైతు వాడుకలో అది నల్ల తామర పురుగు అయింది.

ఈ ఉదంతంలోని కాలక్రమం గమనించదగినది. ఈ జాతిని కార్నీ 1922లోనే వర్ణించాడు. భారతదేశంలో బెంగళూరు బొప్పాయిపై దాని ఉనికి 2015లో నమోదైంది. మిరపకు వచ్చేనాటికి పేరుంది, వర్ణన ఉంది, దేశంలో ఉన్నదన్న సమాచారమూ ఉంది. తెలుగులో మాత్రం ఆ రెండు పురుగులకూ తామర పురుగు అన్న ఒకే పదం ఉంది. పై ముడత, కింది ముడత అన్న జంటసూత్రం ఆకును చూసేది. పూతలో చేరిన పురుగుకు అందులో చోటు లేదు. పంట నష్టానికి పేరు లేకపోవడమే కారణమని అనడం అతిశయోక్తి అవుతుంది. వలస పురుగు స్వభావం, ఏటేటా అదే పంట, మందుల విచ్చలవిడి వాడకం అన్నీ అందులో ఉన్నాయి. అయినా రెండు వేర్వేరు శత్రువులను ఒకే పేరుతో పిలిచినంతకాలం పాత అలవాటే కొత్త చికిత్స అవుతుంది. 1980ల నడుమ పత్తిని తెల్లదోమ ముంచెత్తడమూ, 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలూ చూసిన నేలమీద దీనిని కేవలం భాషావిషయంగా పక్కనపెట్టలేం.

నల్ల అన్న విశేషణం రైతు స్వయంగా చేసిన లక్షణ నిర్మాణం. అతివ్యాప్తిని గుర్తించి, రూపగుణం ఒకటి చేర్చి, పేరును ఇరుకు చేశాడు. శాస్త్రజ్ఞుడు చేసే పని కూడా ఇదే. అయితే ఆ లక్షణమూ అసంపూర్ణమే. మగ పురుగు, పిల్ల పురుగు లేత రంగువి. నల్ల అన్న మాట ఆడ పురుగు వరకే వర్తించి అవ్యాప్తిలో పడింది.

రూపాన్ని నమ్ముకొన్న శాస్త్రానికి కూడా ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. బెమీసియా టబాకీగా పిలిచే తెల్లదోమ ఒక్క జాతి కాదని, కంటికి తేడా తెలియని 30కి పైగా జాతుల సముదాయమని జన్యుపరిశోధన సూచించింది. బతికున్న పురుగు కాబట్టి ఈ సవరణ సాధ్యమైంది. ఖంభాత్ ఈగకు ఆ అవకాశం లేదు. తృణమణిలో రూపానికి అందని భేదం ఎప్పటికీ అందదు. అందుకే శిలాజ వర్ణనలో ప్రతి మాటనూ కొలిచి వాడవలసి ఉంటుంది.

6. తెలుగు వాక్యం, తెలుగు మాటలు

తృణమణిలోని ఈగను తెలుగులో వర్ణించవచ్చునా అన్న ప్రశ్నకు రెండు వైపుల నుంచి సమాధానం వెదకాలి. మొదటిది వాక్యం. జాతి వర్ణన శైలి క్రియారహితం. ఇంగ్లీషులో ఈ శైలి వ్యాకరణాన్ని కొంత తెంచుకొని ఏర్పడింది. తెలుగులో నామవాక్యం సహజం. ‘ఆకు పచ్చన’, ‘కాయ పొడుగు’ అన్నవి పూర్తి వాక్యాలే. ఒక ఊహా నమూనాను ఇలా వర్ణించవచ్చు: తల గుండ్రం. కళ్ళు పెద్దవి, నూగు గలవి. మీసాలు పద్నాలుగు కణుపులవి. తొండం తల పొడవుకు మూడింతలు. రెక్క పారదర్శకం; రెండో ఈనె మొదలు చెరిగినది. ఇందులో కృతకత్వం లేదు. ఈ శైలికి తెలుగు వాక్యం ఇంగ్లీషు కంటె అనువైనది.

రెండోది పదజాలం. కళాశాల పాఠ్యపుస్తకాలు స్పర్శశృంగాలు, సంయుక్త నేత్రాలు, ఉరం, ఉదరం వంటి పదాలను స్థిరపరిచాయి. రొయ్యకు మీసాలు చూసిన తీరప్రాంతపు తెలుగుకు స్పర్శశృంగం అదనపు భారమే. అయినా రెండు పదాలకూ చోటుంది. ఒకటి పరిభాషలో, ఒకటి పొలంలో. ఆకు ఈనె రెక్క ఈనెగా, చెరకు కణుపు మీసపు కణుపుగా సులభంగా మారతాయి. ఈగల రెండో జత రెక్కలు కుదించుకొని ఏర్పడిన, ఎగిరేటప్పుడు నిలకడనిచ్చే అవయవాలను తూకపు కాడలు అనవచ్చు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, వృత్తిపదాలను ప్రాంతభేదాలతో సేకరించే మార్గం చూపింది. ఆ మార్గంలో కీటక పదాల ప్రత్యేక సేకరణ ఇప్పటికీ చేయదగిన పని.

పదం ఎంపికలో కూడా లక్షణదోషాల పరీక్ష అవసరమే. ఖంభాత్ తృణమణికి మూలమైన జిగురు గుగ్గిలపు చెట్టు కుటుంబానిదని రసాయన పరీక్షలు చూపాయి. ఆ ఒక్కదానిని శిలాజ గుగ్గిలం అనడం ఎంతో సముచితం. తెలుగింటి ధూపంలోని వాసన ఆ పదంలో వినిపిస్తుంది. కాని బాల్టిక్ తృణమణి శంకుధర వృక్షాలది. ఆ పేరును అన్నింటికీ పెడితే దోమ విషయంలో జరిగిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది. అందంగా ఉన్న మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్త అవసరం.

7. ముగింపు

తృణమణిలోని ఈగ తెలుగు కీటక పదజాలానికి కఠినమైన పరీక్ష. పైరు, నష్టం, రుతువు అనే ఆసరాలన్నీ తీసివేసి, మాటకూ రూపానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఒంటరిగా నిలబెడుతుంది. ఆ పరీక్షలో తెలుగు వాక్యం నిలుస్తుంది; పదసంపద చాలావరకు నిలుస్తుంది. లేనిది పేరును నమూనాకు కట్టే ముడి. గుంటూరు దగ్గరి లాంలో మిరప పరిశోధన స్థానం ఉంది, పత్తి పరిశోధన ఉంది. విశ్వవిద్యాలయాలలో తెలుగు శాఖలు ఉన్నాయి. కీటకశాస్త్రజ్ఞులూ భాషాశాస్త్ర విద్యార్థులూ కలిసి, ప్రతి వాడుకపేరుకూ ఊరు, పైరు, శాస్త్రనామం, రెండు వాక్యాల లక్షణం, భద్రపరిచిన నమూనా సంఖ్య జతచేసిన కోశాన్ని తయారుచేయవచ్చు. అటువంటి కోశంలో తామర పురుగు అన్న పదం కింద రెండు పద్దులు ఉంటాయి: ఒకటి ఆకులో, ఒకటి పూతలో. మూడోది వచ్చిననాడు దానికి చోటు ఎక్కడో కూడా తెలుస్తుంది.